జీరో స్థానంలోకి ఏ ఫైటర్? జపాన్ నౌకాదళం ముందున్న నాలుగు దారుల పోలిక

1942 ఏప్రిల్ 5న జపాన్ జీరో ఫైటర్లు కొలంబో మీదికి వచ్చాయి. అడ్డుకోబోయిన బ్రిటిష్ హరికేన్లలో పదికి పైగా కూలిపోయాయి. మర్నాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో జీరో పేరు వింటేనే మిత్రపక్షాల పైలట్లకు టెన్షన్. సరిగ్గా అదే నెలలో జపాన్ నౌకాదళం మిత్సుబిషి కంపెనీకి ఒక పని అప్పగించింది. జీరో స్థానంలోకి వచ్చే కొత్త ఫైటర్‌ను తయారుచేయమంది.

గెలుస్తున్నప్పుడే వారసుణ్ణి వెతకడం తెలివైన పనే. కానీ 1945 ఆగస్టులో యుద్ధం ముగిసేదాకా జపాన్ విమానవాహక నౌకల మీద ప్రధాన ఫైటర్ జీరోనే. మూడేళ్ల నాలుగు నెలల్లో దాని స్థానంలోకి ఇంకొకటి రాలేదు. ఎందుకు రాలేదన్నది ఒక ప్రశ్న, ఏ దారి పట్టి ఉంటే వచ్చేదన్నది రెండో ప్రశ్న. యుద్ధ చరిత్ర ఇష్టంగా చదివేవాళ్లకూ, ఏరోనాటిక్స్ చదువుతూ డిజైన్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకూ రెండో ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. అందుకే నాలుగు దారులనూ పక్కపక్కన పెట్టి, నేనైతే దేన్ని ఎంచుకుంటానో చెబుతాను.

నౌకాదళానికి ఉన్న దారులు ఇవి: జీరోనే బాగుచేసుకుంటూ పోవడం, మిత్సుబిషి వాళ్లదే రైడెన్, కవానిషి కంపెనీ షిడెన్-కై, పూర్తిగా కొత్తదైన రెప్పు. వీటిలో దేన్ని చూసినా మొదట అడగాల్సింది దాని వేగం ఎంత, ఫిరంగులు ఎన్ని అని కాదు. దాని ఇంజిన్ ఈ రోజు నడుస్తోందా, ఆ ఇంజిన్‌ను వేల సంఖ్యలో తయారుచేయగలమా అని అడగాలి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబే మిగతావన్నీ తేల్చేస్తుంది.

జీరో ఎందుకు ముసలిదైంది

జీరో మొదటిసారి ఎగిరింది 1939 ఏప్రిల్ 1న. అంటే వారసుణ్ణి వెతికే నాటికి దాని వయసు మూడేళ్లు మాత్రమే. అయినా లోపల అప్పటికే ఎదుగుదల ఆగిపోయింది. 1937లో నౌకాదళం ఇచ్చిన కోరికల జాబితా చూసి నకజిమా కంపెనీ ఇది సాధ్యం కాదని తప్పుకుంది. మిత్సుబిషి డిజైనర్ జిరో హొరికోషి మాత్రం సాధించి చూపించారు. బరువు తగ్గించడమే ఆయన పట్టుకున్న సూత్రం. కొత్తగా వచ్చిన ప్రత్యేక డ్యూరాలుమిన్ లోహం వాడారు, ప్రతి భాగంలోనూ గ్రాముల లెక్కన కోత పెట్టారు. పైలట్ వెనక ఉక్కు పలక లేదు, బుల్లెట్ తగిలితే తనంతట తాను మూసుకునే పెట్రోలు ట్యాంకులు లేవు. 940 హార్స్‌పవర్ సకాయే ఇంజిన్‌తో గంటకు 533 కిలోమీటర్ల వేగం, అదనపు ట్యాంకుతో 3,000 కిలోమీటర్లకు పైగా దూరం వచ్చాయి.

ఇలా చెక్కిన విమానానికి తర్వాత ఏదైనా చేర్చాలంటే చోటు ఉండదు. ఉక్కు పలక పెడితే ఎక్కే వేగం పోతుంది, పెద్ద ఇంజిన్ పెడితే పెట్రోలు చాలదు. జీరో బలమూ, దాని బలహీనతా ఒకే నిర్ణయం నుంచి పుట్టాయి. దానికి హొరికోషిని తప్పుపట్టలేం, చేతికందిన ఇంజిన్ అంతే.

శత్రువుకూ ఈ సంగతి త్వరలోనే తెలిసింది. 1942 జూన్ 4న అదే ర్యూజో నుంచి అలూషియన్ దీవుల మీదికి వెళ్లిన ఒక జీరో అకుటాన్ దీవిలో చిత్తడి నేల మీద దిగబోయి తలకిందులైంది. పైలట్ చనిపోయాడు, విమానం దాదాపు చెక్కుచెదరలేదు. అమెరికన్లు దాన్ని బాగుచేసి సెప్టెంబరు కల్లా శాన్‌డియాగోలో ఎగరేశారు. చాలామంది దీన్ని చూసే అమెరికా తన కొత్త నౌకా ఫైటర్ హెల్‌క్యాట్‌ను డిజైన్ చేసిందని రాస్తుంటారు. అది నిజం కాదు. హెల్‌క్యాట్ నమూనా 1942 జూన్ 26నే ఎగిరింది, అకుటాన్ జీరో అమెరికన్ల కంటపడింది జులైలో.

ఇంజిన్ లెక్క

పిస్టన్ ఇంజిన్‌లో సిలిండర్ల మొత్తం ఘనపరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. జీరోలోని సకాయే దాదాపు 28 లీటర్లు. మిత్సుబిషి కిన్‌సే 32. నకజిమా కొత్తగా తెచ్చిన హొమారే 36. మిత్సుబిషి తయారుచేస్తున్న ఎంకే9, అంటే తర్వాత హా-43 అని పిలిచినది, దాదాపు 42. హెల్‌క్యాట్‌లోనూ, మరో అమెరికన్ ఫైటర్ కోర్సెయిర్‌లోనూ ఉన్న ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజిన్ 46 లీటర్లు.

అమెరికన్లు 46 లీటర్ల నుంచి తీసిన 2,000 హార్స్‌పవర్‌ను హొమారే 36 లీటర్ల నుంచే తీస్తానంది. దాని వ్యాసం 118 సెంటీమీటర్లు, సకాయే కంటే మూడు సెంటీమీటర్లే ఎక్కువ. సన్నని ముక్కు, తక్కువ గాలి నిరోధం, రెట్టింపు శక్తి కనిపిస్తుంటే ఏ నౌకాదళానికైనా ఆశ పుడుతుంది. అయితే చిన్న ఇంజిన్‌తో అంత పని చేయించాలంటే గాలిని ఎక్కువ ఒత్తిడితో నెట్టాలి, ఎక్కువ వేగంతో తిప్పాలి. అందుకు 100 ఆక్టేన్ పెట్రోలు, అంటే ఎక్కువ ఒత్తిడిలోనూ ముందే పేలిపోనిది కావాలి, భాగాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. జపాన్ దగ్గర మామూలుగా దొరికేది 91, 92 ఆక్టేన్. ఆ లోటు పూడ్చడానికి నీళ్లూ మిథనాలూ కలిపి చల్లే పద్ధతి పెట్టారు. నైపుణ్యం ఉన్న కార్మికులను సైన్యంలోకి లాగేశాక ఫ్యాక్టరీలో నాణ్యత పడిపోయింది. టెస్టు బెంచి మీద మెరిసిన హొమారే యుద్ధభూమికి వచ్చేసరికి చెప్పిన శక్తి ఇవ్వలేకపోయింది.

ఇంజిన్ దగ్గర ఇలా చిక్కుకున్నది జపాన్ ఒక్కటే కాదు. మన తేజస్‌ను కూడా మొదట స్వదేశీ కావేరి ఇంజిన్ కోసమే అనుకున్నారు, చివరికి అమెరికన్ జీఈ ఇంజిన్‌తోనే ఎగురుతోంది.

రెప్పు: కాగితం మీద రాజు

నాలుగింటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది రెప్పు కథే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

నిజానికి నౌకాదళం ఈ మాట మొదట ఎత్తింది 1940 చివర్లోనే. సరైన ఇంజిన్ లేదు, హొరికోషి బృందానికి తీరిక లేదు. అందుకని 1941 మొదట్లో ఆపేశారు. 1942 ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. ఈసారి కోరికలు చూడండి. 6,000 మీటర్ల ఎత్తున గంటకు 639 కిలోమీటర్ల వేగం ఉండాలి. ఆ ఎత్తుకు ఆరు నిమిషాల్లోపు ఎక్కాలి. రెండున్నర గంటలు మామూలు వేగంతో తిరిగాక కూడా అరగంట పూర్తి శక్తితో పోరాడేంత పెట్రోలు మిగలాలి. ఇన్నీ ఉండి, మలుపు తిరగడంలో జీరోకు తీసిపోకూడదు.

ఆ చివరి కోరికే మొత్తాన్ని కిందికి లాగింది. మలుపులో చురుకుదనం కావాలంటే రెక్క మీద పడే భారం తక్కువగా ఉండాలి. చదరపు మీటరుకు 130 కిలోల దగ్గర ఉంచమని నౌకాదళం పట్టుబట్టింది. 150 దాకా వెళ్లనివ్వండి, అప్పుడే వేగం వస్తుందని మిత్సుబిషి వాళ్లు వాదించారు. నౌకాదళం మాటే నెగ్గింది. దాంతో జీరో రెక్క 22.4 చదరపు మీటర్లు ఉంటే, రెప్పు రెక్క దాదాపు 31 చదరపు మీటర్లకు పెరిగింది, దాని పొడవు 14 మీటర్లు. విమానం బరువు నాలుగు టన్నులు దాటింది. జీరో రెండున్నర టన్నులు కూడా లేదని గుర్తుంచుకోండి.

ఇంజిన్ దగ్గరా ఇదే జరిగింది. ఇంత పెద్ద విమానాన్ని లాగడానికి ఎంకే9 కావాలని హొరికోషి అడిగారు. అది ఇంకా సిద్ధం కాలేదు, హొమారేనే పెట్టమని నౌకాదళం ఆదేశించింది. తీరా 1944 మే 6న రెప్పు మొదటి నమూనా ఎగిరితే వేగం 575 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అంటే అప్పటికే తయారవుతున్న జీరో కొత్త రకం కంటే పది కిలోమీటర్లు ఎక్కువ, అంతే. పరీక్షిస్తే 6,000 మీటర్ల ఎత్తున హొమారే ఇస్తున్న శక్తి 1,300 హార్స్‌పవర్ మాత్రమేనని తేలింది. జులై నెలాఖరులో నౌకాదళం రెప్పును ఆపేసి, మిత్సుబిషిని తన పోటీ కంపెనీ విమానమైన షిడెన్-కై తయారుచేయమంది.

మిత్సుబిషి ఊరుకోలేదు, మొదట అడిగిన ఇంజిన్‌నే పెట్టి చూస్తామని అనుమతి తీసుకుంది. అక్టోబరులో హా-43తో ఎగిరిన రెప్పు 628 కిలోమీటర్లు అందుకుంది, ఆరు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా 6,000 మీటర్లు ఎక్కింది. రెండున్నరేళ్ల కిందట డిజైనర్ చెప్పిందే నిజమైంది. నౌకాదళం వెంటనే మనసు మార్చుకుంది, కానీ అప్పటికి సమయం మించిపోయింది. డిసెంబరు 7న నగోయా ప్రాంతాన్ని భారీ భూకంపం కుదిపింది, 13న బి-29 బాంబర్లు మిత్సుబిషి ఇంజిన్ ఫ్యాక్టరీ మీద పడ్డాయి. రెప్పులు మొత్తం కలిపి పదికి మించి తయారు కాలేదు, ఒక్కటీ యుద్ధంలోకి వెళ్లలేదు.

కాబట్టి రెప్పును ఎంచుకోవాలంటే రెండు షరతులు. ఎంకే9తోనే మొదలుపెట్టాలి, జీరోలా మలుపు తిరగాలనే పట్టుదల వదలాలి. ఈ రెండూ ఒప్పుకున్నా నా లెక్కలో అది 1944 చివరికే వస్తుంది. ఈలోగా నౌకల మీద ఏం పెడతారన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

రైడెన్

దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. బాంబర్లను అడ్డుకోవడానికి నేల మీది నుంచి లేచే విమానం ఇది. దీనికీ డిజైనర్ హొరికోషే. బాంబర్ల కోసం తయారైన లావాటి కాసే ఇంజిన్ పెట్టి, ముక్కును సన్నగా చేయడానికి ప్రొపెల్లర్ ఇరుసును ముందుకు పొడిగించారు. దాంతో వణుకు మొదలైంది, అది పోగొట్టడానికి నెలలు గడిచాయి. పైలట్లకు ముందు చూపు సరిగా ఆనేది కాదు. వేగంగా ఎక్కుతుంది, నాలుగు ఫిరంగులు ఉన్నాయి, బి-29ల మీదికి పంపడానికి పనికొచ్చింది. నౌకల మీద జీరో చేసే పనికి మాత్రం ఇది ఎప్పుడూ పోటీదారు కాదు. రైడెన్ మీద హొరికోషి బృందం పెట్టిన సమయమే రెప్పుకు తక్కువైంది. ఒకే బృందం జీరో మార్పులు, రైడెన్, రెప్పు మూడూ మోస్తోంది.

షిడెన్-కై: ఎవరూ అడగకుండా వచ్చిన విమానం

కవానిషి ఎక్కువగా నీటి మీద దిగే విమానాలు చేసే కంపెనీ. వాళ్ల దగ్గర క్యోఫు అనే ఫ్లోట్ ఫైటర్ ఉండేది. దాని కింది పడవ తీసేసి చక్రాలు పెడితే మంచి ఫైటర్ అవుతుందని కంపెనీయే సొంతంగా మొదలుపెట్టింది. 1942 డిసెంబరు 27న షిడెన్ ఎగిరింది. రెక్కలు నడుము దగ్గర ఉండటంతో చక్రాల కాళ్లు చాలా పొడవుగా, ముడుచుకునేలా పెట్టాల్సి వచ్చింది. ఆ కాళ్లు నానా ఇబ్బంది పెట్టాయి. అప్పుడు వాళ్లు చేసిన పనే నాకు బాగా నచ్చుతుంది. ఆ లోపానికి అతుకులు వేస్తూ కూర్చోలేదు, రెక్కను కిందికి దించి విమానాన్నే తిరగరాశారు. 1943 డిసెంబరు 31న ఎగిరిన షిడెన్-కైలో భాగాల సంఖ్య మూడో వంతు తగ్గింది. యుద్ధకాలంలో ఇది చిన్న విషయం కాదు, ప్రతి భాగం వెనకా ఒక మనిషి పని గంటలు ఉంటాయి.

నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, పైలట్‌కు రక్షణ, దాదాపు 595 కిలోమీటర్ల వేగం దీని సొంతం. పాదరసంతో పనిచేసే ఒక మీటరు గాలి ఒత్తిడిని బట్టి మలుపుల్లో ఫ్లాప్‌లను, అంటే రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలను, తనంతట తానే దించేది. జీరోలా మలుపు తిరగాలంటే భారీ రెక్కే అక్కర్లేదని, తెలివైన ఫ్లాప్ చాలని ఈ విమానం చూపించింది. 1945 మార్చి 19న మత్సుయామా నుంచి మినోరు గెండా నడిపిన 343వ దళం వీటితోనే హెల్‌క్యాట్లనూ కోర్సెయిర్లనూ దీటుగా ఎదుర్కొంది.

లోపాలూ ఉన్నాయి. ఇందులోనూ ఉన్నది అదే హొమారే, దాని బాధలన్నీ దీనికీ తప్పలేదు. మొత్తం తయారైనవి 400 చిల్లర. నేల మీది స్థావరాలను కాపాడుకోవడానికి మాత్రం నాలుగింటిలో ఇదే నా ఎంపిక. 1944 జులై దాకా ఆగకుండా ఆరు నెలల ముందే మిత్సుబిషికి, మిగతా ఫ్యాక్టరీలకు దీన్ని అప్పగించి ఉండాల్సింది.

అమెరికా, బ్రిటన్ ఏం చేశాయి

అమెరికా నౌకాదళానికీ ఇదే సమస్య వచ్చింది, వైల్డ్‌క్యాట్ పాతబడింది. దాని బదులు రెండు విమానాలను ఒకేసారి నడిపించారు. కోర్సెయిర్ 1940 మేలోనే ఎగిరింది, చాలా వేగవంతమైనది. పొడవాటి ముక్కు వల్ల నౌక మీద దిగేటప్పుడు పైలట్‌కు డెక్ కనిపించేది కాదు, దిగగానే ఎగిరిపడేది. అందుకే దాన్ని మొదట నేల మీది నుంచి మెరైన్లకు ఇచ్చి, నౌకలకు హెల్‌క్యాట్‌ను ఎంచుకున్నారు. హెల్‌క్యాట్ కోర్సెయిర్ అంత వేగం కాదు. కానీ సులువుగా దిగుతుంది, దెబ్బలు తట్టుకుంటుంది, మొదటి నమూనా ఎగిరిన 14 నెలలకే యుద్ధంలో ఉంది. గ్రమ్మన్ కంపెనీ 12,275 హెల్‌క్యాట్లు చేసింది. 1944 జూన్ 19న ఫిలిప్పీన్ సముద్రం మీద జీరోలు తలపడింది వీటితోనే. ఆ యుద్ధంలో జపాన్ మూడు వందలకు పైగా విమానాలు పోగొట్టుకుంది.

హెల్‌క్యాట్ నమూనా మొదట ఎగిరింది ఆర్-2600 ఇంజిన్‌తో. నెల తిరిగిన కొన్ని రోజుల్లోనే, అంటే జులై 30న, ఆర్-2800 పెట్టిన రెండో నమూనా ఎగిరింది. బ్రిటన్‌లో హరికేన్ వారసుడి కోసం సిడ్నీ క్యామ్ ఇంకా ముందే ఈ జాగ్రత్త పడ్డారు. దాదాపు ఒకే విమానాన్ని వల్చర్ ఇంజిన్‌తో టోర్నడోగా, సేబర్ ఇంజిన్‌తో టైఫూన్‌గా రెండు రకాలుగా గీశారు. వల్చర్ విఫలమై టోర్నడో ఆగిపోయినా టైఫూన్ బతికింది. రెప్పుకు కూడా మొదటి రోజు నుంచే హొమారే నమూనా ఒకటి, ఎంకే9 నమూనా ఒకటి పక్కపక్కన కట్టి ఉంటే 1944లో పోయిన నెలలు మిగిలేవి.

జీరోనే బాగుచేయడం, నా ఓటు

1943లో వచ్చిన జీరో ఎ6ఎం5 రకంలో రెక్కలు కాస్త కుదించారు, ఎగ్జాస్ట్ గొట్టాలను విడివిడిగా వెనక్కి తిప్పారు. వేగం 565కి పెరిగింది. ఇంజిన్ మాత్రం అదే సకాయే, 1,130 హార్స్‌పవర్. తర్వాత ఉక్కు పలకలూ పెద్ద తుపాకులూ చేర్చేకొద్దీ అది బరువెక్కి నెమ్మదించింది. ఇలా ఇంజిన్ మార్చకుండా బాగుచేయడం నాకు సమ్మతం కాదు.

కిన్‌సే ఇంజిన్ పెట్టడం వేరే సంగతి. 1942 నాటికే 1,300 హార్స్‌పవర్ కిన్‌సే డైవ్ బాంబర్లలో నమ్మకంగా పనిచేస్తోంది. తర్వాతి రకం 1,500 దాటింది. మిత్సుబిషి సొంత ఇంజినే కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. అయినా నౌకాదళం దీన్ని ఒప్పుకున్నది యుద్ధం ముగింపు దగ్గర పడ్డాకే. కిన్‌సే జీరో, ఎ6ఎం8, 1945 ఏప్రిల్‌లో ఎగిరింది. రెండు నమూనాలతో కథ ముగిసింది.

నా ఎంపిక ఇది. 1942లోనే జీరోకు కిన్‌సే, ఉక్కు పలక, రక్షిత ట్యాంకులు పెట్టి 1943 చివరికల్లా నౌకల మీదికి పంపాలి. నేల మీది స్థావరాలకు షిడెన్-కై ఇవ్వాలి. హొరికోషిని రైడెన్ నుంచి తప్పించి, ఎంకే9 రెప్పు మీద మాత్రమే కూర్చోబెట్టాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కిన్‌సే ఎక్కువ పెట్రోలు తాగుతుంది, జీరో పేరున్నదే దూరానికి. 1942లో దక్షిణ పసిఫిక్‌లోని రబౌల్ స్థావరం నుంచి గ్వాడల్‌కెనాల్ దీవికి వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లి పోరాడి తిరిగి రావాల్సిన రోజుల్లో ఆ మాట నిజమే, అప్పటికి పాత జీరోలు ఉండనే ఉన్నాయి. 1944కి జపాన్‌ది కాచుకునే యుద్ధం. అప్పుడు పైలట్‌కు కావలసింది దూరం కంటే ప్రాణం, ఎక్కే శక్తి.

పాత విమానానికి వేరే ఇంజిన్ పెట్టి ఏం సాధిస్తారని అడిగేవాళ్లకు జపాన్ సైన్యమే జవాబు చెప్పింది. కవాసాకి ఫ్యాక్టరీలో 1944 చివర్లో ఇంజిన్లు రాక 275 హియెన్ ఫైటర్లు ఖాళీగా పడి ఉన్నాయి. వాటికి అమర్చాల్సిన నీళ్లతో చల్లబడే ఇంజిన్ ఎంతకీ కుదరలేదు. 84 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ సన్నని విమానానికి 122 సెంటీమీటర్ల వ్యాసమున్న గాలితో చల్లబడే ఇంజిన్‌ను డిజైనర్ తకేవో దోయి బృందం నెలల్లో అమర్చింది. 1945 ఫిబ్రవరి 1న కి-100 పేరుతో ఎగిరిన ఆ విమానం గరిష్ఠ వేగంలో పాతదాని కంటే కాస్త తక్కువే. కానీ తేలికైంది, చురుకైంది, రోజూ లేచి ఎగిరింది. పైలట్లు దాన్ని మెచ్చుకున్నారు. అందులో పెట్టిన ఇంజిన్ సైన్యం పేరు హా-112. అది కిన్‌సేనే.